ఫోను వింటున్నదెవరు?

ఉగ్రవాదుల కుట్రల్ని పసిగట్టాలంటే ఒక్కోసారి ఫోన్లు వినక తప్పదు. మరి, మామూలు మనిషి మాటలూ వింటే? రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ బయటపడటంతో 1991లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. ఫోన్ సంభాషణ కూడా వ్యక్తిగత గోప్యతలో భాగమేనని 1996లో కోర్టు తేల్చింది. ట్యాపింగ్‌కు హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలనీ, అది రెండు నెలలే చెల్లుతుందనీ, పొడిగించినా ఆరు నెలలు దాటరాదనీ చెప్పింది. ఆ ఉత్తర్వుల్ని ఉన్నతాధికారుల కమిటీ సమీక్షించాలంది. ముందే జడ్జి అనుమతి తీసుకోవాలన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు.

అంటే... వినమనేదీ ప్రభుత్వమే, అది సబబో కాదో చూసేదీ ప్రభుత్వాధికారులే! తన ఫోను విన్నారన్న సంగతే తెలియనప్పుడు పౌరుడు ఫిర్యాదు చేసేదెలా? భద్రత కోసం వినడం అవసరమే. ఆ తనిఖీ బాధ్యత బయటివారికి అప్పగిస్తేనే పౌరుడికి భరోసా.