ఆరు రోజుల్లో అయిదు గెలుపులు

చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టి పడేసినట్టే, అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి పట్టి పడేస్తారు. జట్టుకు 11 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది.

టెన్నెసీ రాష్ట్రంలో కొండమీది చిన్న ఊరు సెవానీ. అక్కడి 'యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్' జట్టు 1899 నవంబరులో రైలెక్కింది. రాజమండ్రి నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగివచ్చినంత దూరం, సుమారు 4,000 కిలోమీటర్లు తిరిగింది. 9వ తేదీన టెక్సాస్, 10న టెక్సాస్ ఎ అండ్ ఎం, 11న టులేన్ జట్లను ఓడించింది. 12 ఆదివారం, విశ్రాంతి. 13న లూసియానా, 14న మిసిసిపీ ఓడాయి. అయిదు ఆటల్లో 91 పాయింట్లు సంపాదించింది. ఎదుటివారికి ఒక్కటీ ఇవ్వలేదు. ఊరి ఊటనీళ్లు పీపాల్లో వెంట తీసుకెళ్లారని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు.

తర్వాత రోజులు మారాయి. పెద్ద విశ్వవిద్యాలయాలు ఉపకార వేతనాలిచ్చి ఆటగాళ్లను చేర్చుకున్నాయి. 1932లో వాటితోపాటు సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో చేరిన సెవానీ, అందులో ఒక్క ఆటా గెలవలేక 1940లో బయటికి వచ్చింది. కాని ఆట మానలేదు. ఆట కోసం ఉపకార వేతనాలివ్వని కళాశాలల పోటీల్లో ఇప్పటికీ ఆడుతోంది. చదువుకోవడానికి వచ్చినవారే అక్కడ ఆటగాళ్లు.