ఇంజన్ కాదు, తుప్పు చూడండి

పాత స్పోర్ట్స్ కారు కొని బాగుచేసుకోవాలనుకునే బ్రిటన్ వాసికి ఎంజీ కంపెనీ వారి ఎంజీబీ అందుబాటు బేరమే. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కరవు లేదు. చిక్కల్లా చూపులో ఉంది. కొనేవాళ్లు ముందు బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు. నిజానికి వంగి తలుపుల కింద ఉండే బాడీ అంచులు చూడాలి. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఆ అంచులను లోలోపల తుప్పు తినేసిందంటే కారుకు నడుము పోయినట్టే. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది! 1798 సీసీ ఇంజన్‌దేముంది, సాదాసీదాది, విప్పి బిగించుకోవచ్చు. కుళ్లిన రేకు కోసి, కొత్తది వెల్డింగ్ చేయించడానికే డబ్బు నీళ్లలా పారుతుంది. కొత్త బాడీలే తయారుచేసి అమ్ముతున్నారు కదా అంటారా? అమ్ముతున్నారు. కానీ బాడీ, పెయింట్, కూలీ కలిపితే ఆ ఖర్చు, బాగా నడుస్తున్న ఎంజీబీ ధరనే దాటేస్తుంది. ఇంజన్ చచ్చిపోయి ఉన్నా సరే, బాడీ గట్టిగా ఉన్న కారే కొనండి.