ఇంజనుకూ ఒక నిదానం

‘నిదానం’ అంటే తెలుగులో నెమ్మది, ఓర్పు. సంస్కృతంలో ఆ మాటకే మూలకారణమనీ, ఆయుర్వేదంలో రోగనిర్ణయమనీ అర్థాలున్నాయి. రోగనిర్ణయాన్ని వివరించే ప్రసిద్ధ వైద్యగ్రంథం పేరు ‘మాధవనిదానం’. ఈ రెండర్థాలూ ఒక్క పనిలో కలియడానికి పాత కారు ఇంజను చక్కని ఉదాహరణ.

ఏలూరు నుండి రాజమహేంద్రవరం వెళ్లే జాతీయ రహదారిపై నల్లజర్ల ఉంది. అక్కడ ఒక పాత పెట్రోలు అంబాసిడరును పెండ్లిండ్లకు, ద్వారకా తిరుమల యాత్రికులకు అద్దెకు తిప్పి జీవించే కుటుంబం ఉన్నదనుకుందాం. రహదారిపై సాఫీగా పరుగెత్తే ఆ కారు, ఆగి నిలబడగానే వణుకుతుంది. ఒక్కొక్కసారి ఇంజను ఆరిపోతుంది. అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఊహను నమ్మి ఒక్కొక్క భాగాన్నీ మార్చుకుంటూ పోతే ఆ ఇంటి సంపాదన మరమ్మతులకే హరించుకుపోతుంది.

నిలిచి ఉన్నప్పుడే ఈ వణుకు ఎందుకు? నాలుగు సిలిండర్లలో ప్రతిదానిలోను రెండు చుట్లకొకసారి ఇంధనం మండుతుంది. వేగంగా తిరిగేటప్పుడు ఫ్లైవీలు ఊపు చిన్న లోపాన్ని కప్పిపుచ్చుతుంది. నిమిషానికి సుమారు 700 చుట్లు మాత్రమే తిరిగేటప్పుడు ఒక్క సిలిండరు తప్పినా ఇంజను యావత్తూ అదురుతుంది. పైగా అప్పుడు లోనికి పోయే గాలి బహు స్వల్పం. పగిలిన రబ్బరు గొట్టం నుండి చొరబడే కొద్దిపాటి గాలి సైతం పెట్రోలు మిశ్రమాన్ని పలుచన చేస్తుంది.

అనుభవజ్ఞుడైన మెకానిక్కు వెంటనే కార్బురేటరు మరను తిప్పడు. ముందు చెవి ఒగ్గి వింటాడు. అదురు ఒకే లయలో ఉంటే ఒక సిలిండరునూ, లయ తప్పితే మిశ్రమాన్నీ అనుమానిస్తాడు. గొట్టాలను, వాటి అతుకులను పరిశీలిస్తాడు. ఇంజను వేడెక్కిన పిమ్మట, విద్యుద్ఘాతం తగలకుండా జాగ్రత్తపడుతూ, ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా తొలగించి చూస్తాడు. తీగ తీయగానే ఇంజను మరింత మందగిస్తే ఆ సిలిండరు పనిచేస్తున్నట్లే. మార్పు లేకపోతే దోషం అక్కడ ఉన్నట్లు. ఇంజను ఆపి, ఆ ప్లగ్గును పక్కదానితో మారుస్తాడు. దోషం ప్లగ్గు వెంట పోతే నేరం ప్లగ్గుదే. లేకుంటే తీగను, డిస్ట్రిబ్యూటరు మూతను, చివరకు కంప్రెషన్‌ను పరీక్షిస్తాడు.

ప్లగ్గు కొన కూడా సాక్ష్యం చెబుతుంది. లేత గోధుమవన్నె ఆరోగ్య లక్షణం. పొడి మసి పెట్రోలు ఎక్కువైందని, తెలుపు అది తక్కువైందని సూచిస్తాయి. నూనె జిడ్డు ఉంటే పిస్టన్ రింగులో, వాల్వు గైడ్లో అరిగి ఉండవచ్చు.

ఈ పరీక్షలన్నింటికీ నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల గుణం కనిపించిందో తెలియదు. మరొక జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో ఇంజనును నడపరాదు.

నిదానించి కారణం కనుగొంటే, కొత్త కార్బురేటరు కొనబోయిన యజమాని జానెడు రబ్బరు గొట్టంతోనే ఇల్లు చేరవచ్చు.