కడుపులో బిడ్డకు జన్యు పరీక్ష: ఆ రిపోర్టును ఎలా చదవాలి?

గర్భిణి రక్తంలో బిడ్డ తాలూకు డీఎన్‌ఏ తునకలు తిరుగుతుంటాయని 1997లో డెనిస్ లో, ఆయన సహచరులు కనిపెట్టారు. నేటి ఎన్‌ఐపీటీ పరీక్షకు మూలం అదే. పదో వారం నిండాక తల్లి చేతి నుంచి కాస్త రక్తం తీస్తే చాలు. అదనపు క్రోమోజోమ్ వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ బిడ్డకు ఉంటే నూటికి 99 సార్లు పట్టేస్తుంది. కడుపులోకి సూది దిగదు కనుక గర్భానికి ముప్పు లేదు.

మరి పాజిటివ్ వస్తే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టేనా? తల్లి వయసు తెలియకుండా చెప్పలేం. పాతికేళ్ల తల్లులకు ఆ అవకాశం సుమారు 1,250 మందిలో ఒకరికి. అలాంటి లక్ష మందిని పరీక్షిస్తే నిజంగా సమస్య ఉండేది 80 మందికి. పరీక్ష వెయ్యికి ఒక్కసారి పొరబడినా, ఏ సమస్యా లేని మరో వంద మందికి పాజిటివ్ వస్తుంది. అంటే భయపడినవారిలో సగానికి పైగా అనవసరంగా భయపడినట్టే. నలభై ఏళ్ల తల్లుల్లో అవకాశం నూటికి ఒకరికి. అక్కడ పాజిటివ్ వచ్చిన ప్రతి పదకొండు మందిలో పది మందికి అది నిజమే.

పొరపాటుకు ఒక ముఖ్య కారణం ఉంది. ఆ తునకలు చాలావరకు మాయ నుంచి వస్తాయి. మాయలో ఉన్న తేడా బిడ్డలో లేకపోవచ్చు. కాబట్టి ఎన్‌ఐపీటీ వడపోత మాత్రమే. నిర్ధారణకు 15 వారాలు నిండాక ఉమ్మనీరు తీసి పరీక్షించాలి. చేయి తిరిగిన డాక్టర్లు చేస్తే దానివల్ల గర్భస్రావం 200 మందిలో ఒకరికన్నా తక్కువే, కానీ అసలు లేకపోలేదు. పాజిటివ్ వచ్చినవారికి ఆ కాస్త ముప్పుకు అర్థముంది. గర్భం తీయించుకోవాలా అన్న ఆలోచన ఉమ్మనీటి పరీక్ష ఫలితం చూశాకే.

నెగటివ్ వచ్చినా అన్ని జబ్బులూ లేవని కాదు. తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బును మామూలు ఎన్‌ఐపీటీ చూడదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో ఇలాంటి జబ్బుల ముప్పు ఇంకా ఎక్కువ. గర్భానికి ముందే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే బీటా తలసీమియా వాహకులో కాదో తెలుస్తుంది.

మన దేశంలో కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం, లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం నేరం. ఇక గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, తీవ్ర లోపం కారణంగా 24 వారాలు దాటాక గర్భం తీయాలంటే వైద్య మండలి నిర్ధారణ కావాలి. అందుకే నిర్ధారణ పరీక్షలో ఆలస్యం పనికిరాదు.

గర్భం ఉంచుకోవాలనుకునేవారికీ ముందే తెలియడం మేలు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపాలుంటాయి. పసిపిల్లల గుండె వైద్యులున్న ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు.