తొమ్మిది అంకెల క్షురము

కఠోపనిషత్తు ఆత్మజ్ఞానమార్గమును పదునైన కత్తి అంచుతో పోల్చినది. ఇంగ్లీషు నవలాకారుడు సోమర్‌సెట్ మామ్ 1944లో వెలువరించిన తన నవలకు ఆ పోలికనుండియే పేరు తీసికొనెను. అయితే ఋషికి ఉపమానమైన ఆ క్షురధారను ప్రతి ఉదయము తన చెక్కిలిపై నడపవలసిన గృహస్థునకు ఉపమానములతో పని లేదు. బడిగంట మ్రోగకముందు పని ముగిసిన చాలునని అతని తొందర. కంఠముపై ఎఱ్ఱని దద్దురులతో, గడ్డము క్రింద నెత్తుటిచుక్కపై అంటించిన కాగితపు ముక్కతో తరగతిలో అడుగిడు ఉపాధ్యాయుని చూచి వెనుకబల్లల పిల్లలు ముసిముసినవ్వులు నవ్వుట ఏ పాఠశాలకును క్రొత్త కాదు. నవ్వుచున్నవారికిని రెండు మూడేండ్లలో అదే అవస్థ తప్పదు. సైకిలు త్రొక్కుట నేర్పువారుందురు, ఈత నేర్పువారుందురు. తొలిసారి గడ్డము గీచుకొనుట ఎట్లో కూర్చుండబెట్టి చెప్పువారు మాత్రము అరుదు. తండ్రి అద్దము ముందు నిలిచి చేయుచుండగా ప్రక్కనుండి చూచినంతయే విద్యాభ్యాసము.

తెలుగునాట ఇది చిరకాలము మంగలి చేతి పని. చరకసంహిత జుట్టు, గడ్డము, గోళ్లు కత్తిరించుకొనుటను ఆయుర్వృద్ధిని కలిగించు ఆచారములలో చేర్చినది. తెలుగువారి కొన్ని ఇండ్లలో క్షౌరమునకు ఆయుష్కర్మ అను పేరు నిలుచుటకు ఆ భావమే మూలము. మంగలికత్తి చెక్కిలిపై ఒక వాలుగా, పై పెదవిమీద మరియొక వాలుగా, కంఠమునకడ ఇంకొక వాలుగా నడచును. ఆ వాలును నిర్ణయించునది కత్తి కాదు, మంగలి మణికట్టు. ఏండ్ల తరబడి చేసిన సాధనచే వచ్చిన ఆ నేర్పు లేనివాడు ఆ కత్తిని తన కంఠముపై పెట్టుకొనుట సాహసమే. మణికట్టులోని ఆ నేర్పును కొంతవరకైనను లోహములోనికి ఎక్కించుటకు జరిగిన ప్రయత్నములే సేఫ్టీ రేజరు చరిత్ర.

ఫ్రాన్సు దేశమున కత్తులు చేయు వృత్తిలోనున్న ఝాఁ ఝాక్ పెరె అనునతడు తన గడ్డము తానే గీచుకొను కళను గూర్చి 1769లో ఒక గ్రంథమే ప్రకటించెను. 1847లో ఇంగ్లండునందు విలియం హెన్సన్ కత్తి అలుగును పిడికి అడ్డముగా, పారవలె నిలిపెను. నేటి రేజరులన్నియు ఆ ఆకృతికి వారసులే. 1880లో అమెరికాలో కాంప్ఫె సోదరులు అలుగు ముందు ఒక కాపు నమర్చి పేటెంటు పొందిరి. అయినను ఆ అలుగు మందమైనది. దానికి తరచు పదును పెట్టుచుండవలెను. ఆ బాధను తప్పించినవాడు కింగ్ క్యాంప్ జిలెట్.

జిలెట్ 1855లో విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించెను. ఊరూర తిరిగి సరుకులమ్ము ఉద్యోగము అతనిది. సీసాలకు వేయు రేకుమూతను కనిపెట్టిన విలియం పెయింటర్ అతనికి ఒక సలహా యిచ్చెను: జనులు ఒకమారు వాడి పారవేసి మరల కొనుక్కొను వస్తువు నేదైన ఆలోచింపుమని. 1895లో ఒకనాడు గడ్డము గీచుకొనబోవుచుండగా, పలుచని ఉక్కురేకును అలుగుగా చేసి మొద్దుబారినంతనే పారవేయవచ్చునను ఊహ జిలెట్టునకు తోచెను. అంత పలుచని రేకు పదును నిలుపదని లోహశాస్త్రము తెలిసినవారు తోసిపుచ్చిరి. విలియం నికర్సన్ అను ఇంజనీరు ఆ చిక్కును విప్పువరకు ఆ ఊహ ఊహగనే యుండెను. 1901లో కంపెనీ ఏర్పడెను. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజరులు, 168 బ్లేడులు. మరుసటి యేడు రేజరుల సంఖ్య తొంబదివేలు దాటెను. చిత్రమేమనగా, ఈ జిలెట్టే 1894లో వ్యాపారపు పోటీని దుయ్యబట్టుచు ఒక పుస్తకము వ్రాసి, అమెరికా ప్రజ లందరును నయాగరా జలపాతపు శక్తితో నడచు ఒకే మహానగరమున కలసి జీవింపవలెనని వాదించియుండెను. ఆ నగరము కాగితముపైననే నిలిచినది. బ్లేడు మాత్రము లోకమంతయు తిరిగినది.

ఇక అసలు విషయము. రేజరు తలలో మూడు అంగములు ముఖ్యమైనవి: పైన మూత, నడుమ బ్లేడు, క్రింద అడ్డుపట్టె. బ్లేడు మందము మిల్లీమీటరులో ఇంచుమించు పదియవ వంతు. అంత పలుచని రేకు తనంతట తాను గట్టిగా నిలువజాలదు. మూతకును పీఠమునకును నడుమ విల్లువలె వంగి బిగిసినప్పుడే దానికి బలము వచ్చును. ఆ బిగువులో బ్లేడు అంచునకును అడ్డుపట్టెకును నడుమ ఒక సన్నని సందు మిగులును. చర్మము మెత్తనిది కనుక సందు పెద్దదైనకొలది అందులోనికి ఉబ్బి పైకి లేచును. సందు చిన్నదైనచో చర్మము చదునుగా ఉండి, వెండ్రుక మాత్రమే అంచునకు చిక్కును. దీనికి తోడు మరియొక కొలత కలదు. మూతను, అడ్డుపట్టెను తాకుచు ఒక గీత గీచినట్లు ఊహింపవలెను. బ్లేడు అంచు ఆ గీతకు లోపల నున్నదా, వెలికి పొడుచుకొని వచ్చినదా? లోపలనున్న రేజరు సాధువు. వెలికి వచ్చినది కోపిష్ఠి.

ఈ కొలతలను మార్చుకొను వెసులుబాటు జిలెట్ తొలి రేజరులోనే కొంత యుండెను. పిడిని బిగించి త్రిప్పినచో మృదువుగను, ఇంచుక సడలించినచో గట్టిగను తెగును. కాని సడలిన బ్లేడు వణకును. వణకు బ్లేడు గాయపరచును. అందువలన అది నమ్మదగిన ఉపాయము కాదు. 1958లో ఆ కంపెనీ పిడి మెడకు ఒక చక్రమును చేర్చి, దానిపై ఒకటి మొదలు తొమ్మిది వరకు అంకెలు వేసిన రేజరును అమ్మకమునకు పెట్టెను. చక్రమును పెద్ద అంకెవైపు త్రిప్పినకొలది అడ్డుపట్టె అంచునుండి దూరముగా తొలగును. పిడి లావుగా నుండుటచే దానికి తరువాతి కాలమున స్థూలబాలకుడను అర్థమిచ్చు ఫ్యాట్‌బాయ్ అను ముద్దుపేరు వచ్చినది. 1961లో సన్నని పిడి గల మరియొక రకము దాని స్థానమును ఆక్రమించెను. జిలెట్ కంపెనీ ఇప్పుడు ఇట్టివి చేయుట లేదు. పాతవస్తువులు సేకరించువారు వానిని భద్రపరచుకొని వాడుకొనుచున్నారు. జర్మనీలోని సోలింగెన్ పట్టణమునకు చెందిన మెర్కూర్ వారు అంకెల రేజరులను నేటికిని చేయుచున్నారు. రాక్‌వెల్ వారి రేజరులో చక్రమునకు బదులు మార్చుకొనదగిన పలకలు, వానిపై ఒకటినుండి ఆరు వరకు అంకెలు ఉండును.

అంకెను జూచి మోసపోవుట మిక్కిలి సులభము. తొమ్మిదవ అంకెలో బ్లేడు మరింత పదునెక్కదు. బ్లేడు పదును బ్లేడుదే. అంకె తెలుపునది సందు పరిమాణము మాత్రమే. అదియును ఆ రేజరునకే పరిమితము. ఒక కంపెనీ వారి మూడు వేరొక కంపెనీ వారి మూడుతో సమానము కానక్కరలేదు. పరీక్షలో మార్కులవలె అంకె పెరిగినకొలది ఘనతయని యువకులు తలచుట సహజమే కాని, ఇది చెప్పుల కొలతవంటిది. తొమ్మిదవ నంబరు చెప్పు తొడిగినవాడు ఏడవ నంబరువానికంటె గొప్పవాడు కాడు.

తొమ్మిది అంకెల రేజరు క్రొత్తగా పట్టినవాడు రెండు లేక మూడవ అంకెతో ప్రారంభించుట మంచిది. చక్రమును త్రిప్పుటకు ముందు బ్లేడు బిగువును కొంచెము సడలించి, త్రిప్పిన పిదప మరల బిగింపవలెను; లేనిచో లోపలి భాగములు అరిగిపోవును. అటుపై ప్రయోగశాలలో పాటించు నియమమునే ఇచటను పాటింపవలెను: ఒక పర్యాయము ఒక్క అంశమునే మార్చుట. ఒకేనాడు క్రొత్త బ్లేడు, క్రొత్త సబ్బు, క్రొత్త అంకె వాడి, మొగము మండినచో దోషము దేనిదని నిర్ణయించుట? అదే సబ్బుతో, అదే రకము బ్లేడుతో ఒక అంకెను మూడు నాలుగు దినములు చూడవలెను. మంట లేక, గరుకు మాత్రము మిగిలినచో ఒక్క మెట్టు పైకి. మంటయు ఎఱ్ఱదనమును కలిగినచో ఒక్క మెట్టు క్రిందికి.

ఇచట ఒక మెలిక కలదు. చిన్న అంకె సర్వదా మృదువైనదని అనుకొనరాదు. గడ్డము దట్టముగా, గట్టిగా నున్నవాడు ఒకటవ అంకె పెట్టుకొన్నచో ఒక్కమారు తీసినంత పని జరుగదు. అదే చోట నాలుగైదు మారులు గీచును. ప్రతి గీతతోను వెండ్రుకతోబాటు చర్మపు పైపొర కొంత లేచును. నాలుగు మెత్తని గీతలకంటె సరియైన అంకెతో ఒక్క గీత చర్మమునకు మేలు. అట్లే రెండు మూడు దినముల గడ్డము పెరిగియున్నప్పుడు సన్నని సందు వెండ్రుకలతోను నురుగుతోను పూడిపోవును. ఆనాడు ఒకటి రెండు అంకెలు పెంచి, నిత్యక్షౌరమునకు మరల దిగుట యుక్తము. చెక్కిలికి పనికివచ్చిన అంకె కంఠమునకు పనికిరాకపోవచ్చును. అంకెలున్న రేజరునకు గల అసలు సుగుణము అదియే: చెక్కిళ్లు ముగిసిన వెంటనే చక్రమును రెండు మెట్లు దించి కంఠమునకు పోవచ్చును. మంగలి మణికట్టు చేయు పని ఇంచుమించు ఇదే.

అంకెపై నేరము మోపుటకు ముందు నీటిని, చేతిని విచారింపవలెను. ఎండువెండ్రుక గట్టిది, రెండు మూడు నిముషములు గోరువెచ్చని నీటిలో నానినది చాల మెత్తబడి తక్కువ బలముతో తెగును. స్నానానంతరము గీచుకొన్నచో హాయిగా నుండుటకు కారణమిదే. బోరునీరు కఠినజలమైన గ్రామములలో సబ్బు నురుగు కట్టక తెల్లని తెట్టుగా మారును. అట్టిచోట వాననీరో కాచి తేర్చిన నీరో ఒక చెంబెడు దాచుకొన్నవానికి సగము బాధ తీరును. రేజరును చర్మమునకు సుమారు ముప్పది డిగ్రీల వాలున పట్టవలెను. కొలతబద్ద అక్కరలేదు, మూతను చెక్కిలిపై ఆనించి, వెండ్రుక తెగుచున్న చప్పుడు వినబడువరకు పిడిని మెల్లగా దించిన చాలును. అదుముట మాత్రము కూడదు. అదిమినచో చర్మము సందులోనికి ఉబుకును. రెండవ అంకె పెట్టుకొని అదుమువాడు ఆరవ అంకెతో గీచుకొన్నట్లే. రేజరు బరువే పని చేయవలెను.

వెండ్రుకల వాలు తెలియుట మరియొక యక్కర. చెక్కిళ్లపై సామాన్యముగా క్రిందికే మొలచును. కంఠముపై ఒకచో ప్రక్కకు, ఒకచో పైకి, ఒకచో సుడివలె తిరిగియుండును. వ్రేలితో నిమిరి చూచిన ఎటు నునుపో, ఎటు గరుకో తెలియును. తొలి గీత వాలు ననుసరించియే యుండవలెను. ఎదురు గీత, చర్మము సహించినప్పుడు మాత్రము, మరల నురుగు పెట్టి. వంకర వెండ్రుకలవారికి ఎదురు గీత ప్రమాదకరము. లోతుగా తెగిన వెండ్రుక కొన చర్మములోనికే తిరిగి పెరిగి పొక్కులు లేచును. అట్టివారు గాజువంటి నునుపును ఆశింపక, కొంచెము గరుకు మిగిల్చుటే తెలివి. చిన్నగాటులకు మంగలి పెట్టెలోని పటిక నేటికిని మంచి మందే.

గీచినకొలది గడ్డము దట్టముగా మొలచునను నమ్మకము విద్యార్థులలో బలముగా నున్నది. మీసము త్వరగా రావలెనని నూగునే గీచుకొను బాలురు ప్రతి ఊరను ఉందురు. అమెరికా శాస్త్రజ్ఞురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలతలు తీసి, క్షౌరమువలన వెండ్రుక లావు గాని పెరుగు వేగము గాని మారదని ప్రకటించెను. తెగిన కొన మొండిగా నుండుటచే గరుకుగా తోచును, అంతియే.

బ్లేడు ఏల చెడునను ప్రశ్నకు సమాధానము ఇటీవలనే స్పష్టపడినది. ఉక్కు వెండ్రుకకంటె ఇంచుమించు ఏబది రెట్లు గట్టిది. అట్టి ఉక్కును వెండ్రుక ఎట్లు మొద్దుబార్చును? 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు సూక్ష్మదర్శిని క్రింద వెండ్రుకలను తెంపి చూచి ఫలితమును ప్రకటించిరి. అంచు నెమ్మదిగా అరిగిపోవుటకంటె సూక్ష్మముగా పెచ్చులూడుట ముఖ్యకారణము. వెండ్రుక ఏటవాలుగా వంగి తగిలినప్పుడు, ఉక్కు అంతర్నిర్మాణము సమముగా లేనిచోట, ఆ పెచ్చు ఊడును. కనుక నానని వెండ్రుక లాగుచున్నదని అంకె పెంచుట వృథా. పెచ్చులూడిన బ్లేడునకు ఏ అంకెయు మందు కాదు. నాలుగైదు క్షౌరములైన పిదప అకస్మాత్తుగా లాగుట మొదలైనచో మార్పవలసినది బ్లేడును. క్రొత్త బ్లేడు వేసిననాడు ఒక అంకె తగ్గించుకొని ప్రారంభించుట అనుభవజ్ఞుల పద్ధతి.

వాడి పారవేయుటకే పుట్టిన ఈ రేకును పారవేయుట ఎచట? అమెరికాలో కొన్ని పాత ఇండ్ల స్నానపుగదులలో గోడకు సన్నని చీలిక యుండెడిది. బ్లేడు అందులో వేసినచో గోడ లోపలి బోలులో పడును. ఇల్లు కూల్చునాటివరకు దానిని గూర్చి చింత లేదు. తెలుగునాట పాత బ్లేడు పిల్లల పెన్సిలు పెట్టెలోనికి చేరెడిది. పెన్సిలు చెక్కబోయి వ్రేలు తెగిన పిల్లలకు పసుపు అద్దిన ఉపాధ్యాయులు పెక్కురు. ఆ వాడుక తగ్గినది కాని, చెత్తబుట్టలో కాగితములతో కలిపి వేయు అలవాటు తగ్గలేదు. అది తెల్లవారి చెత్త ఏరు కార్మికుని అరచేతికి తగులును. ఖాళీ పౌడరు డబ్బా మూతకు చిన్న చీలిక కోసి, అందులో పాత బ్లేడులను వేయుచున్నచో నిండుటకు ఏండ్లు పట్టును. నిండిన పిదప చీలికను అంటించి, లోపల నున్నది ఏమో పైన వ్రాసి, పాత ఇనుము కొనువానికి చెప్పి ఇవ్వవలెను.