ఇంజిన్ బోల్టుకు ఏ రంగు?

ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్, దంతెవాడ జిల్లాల మధ్య సాగే బైలదిల్లా కొండల్లో దేశంలోకెల్లా మేలైన ఇనుప ఖనిజం ఉంది. దాని పేరు హెమటైట్. ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం అది. శుద్ధమైన హెమటైట్ బరువులో దాదాపు 70 శాతం ఇనుమే. 1968 నుంచి ఎన్‌ఎండీసీ సంస్థ ఇక్కడ తవ్వుతున్న ఖనిజం కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం రేవుకు చేరుతుంది. కొలిమిలో ఆక్సిజన్‌ను విడగొడితే ఇనుము చేతికొస్తుంది. అయితే ఆ విడిపోవడం శాశ్వతం కాదు. తేమా గాలీ దొరికిన చోటల్లా ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో జతకడుతుంది. దాన్నే మనం తుప్పు అంటాం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలో నానే బస్తర్ అడవి దారుల్లో జీపు తిప్పినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 1940ల చివర్లో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలైన మహీంద్రా వాహనాలు ఇలాంటి దారుల కోసమే పుట్టినట్టుంటాయి. అలాంటి పాత బండిని బాగు చేయించాలనుకుంటే మన దగ్గర సాధారణంగా జరిగేది ఒకటే. ఇంజిన్‌ను డీజిల్‌తో కడిగి, బోల్టులూ పైపులూ తేడా లేకుండా మొత్తానికి సిల్వర్ పెయింటు కొట్టేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఆ ఇంజిన్ అలా లేదు. ఎలా ఉండేదో తెలుసుకుని, ఒక్కో భాగానికి దాని అసలు పూతే తిరిగి వేయడం పాత కార్ల పునరుద్ధరణలో పెద్ద విద్య.

పెయింటు పడిన వేళ

చాలా ఫ్యాక్టరీల్లో బ్లాకు, హెడ్డు, ఆయిల్ పాన్ బిగించాకే ఇంజిన్‌కు రంగు చల్లేవారు. అందుకే వాటిని పట్టి ఉంచే బోల్టుల తలల మీద కూడా అదే రంగు ఉంటుంది. డైనమో, కార్బ్యురేటర్ లాంటివి చాలావరకు వేరే కంపెనీల నుంచి తమ సొంత పూతతో వచ్చేవి, వాటిని తర్వాత బిగించేవారు. కనుక వాటి బోల్టులకు ఇంజిన్ రంగు అంటదు. ఏ బోల్టు మీద ఏ రంగు ఉందో చూస్తే ఏది ముందు బిగించారో, ఏది తర్వాతో తెలిసిపోతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సంగతి మరీ విచిత్రం. దాని వేడికి మామూలు ఎనామెల్ నిలవదు. పొరపాటున తుంపర పడినా కొద్ది గంటల నడకలోనే మాడి రాలిపోతుంది. అందుకే చాలా బండ్లలో అది పచ్చి పోత ఇనుముగానే కనిపిస్తుంది.

రంగు కంపెనీకి గుర్తు కూడా. షెవర్లే వీ8 ఇంజిన్లకు చాలా ఏళ్లు నారింజ రంగు వేశారు. ఫోర్డ్ అమెరికాలో 1966 నుంచి తన ఇంజిన్లన్నిటికీ నీలం ఎంచుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే నమూనా జీపును విల్లీస్, ఫోర్డ్ రెండూ తయారు చేశాయి. ఫోర్డ్ మాత్రం తన భాగాల మీద, బోల్టుల తలల మీద సైతం, ‘ఎఫ్’ అక్షరం ముద్రించింది. నేటికీ ఫోర్డ్ జీపును నిఖార్సుగా నిలబెట్టాలనుకునేవాళ్లు ఆ అక్షరం ఉన్న బోల్టుల కోసం వెతుకుతూనే ఉంటారు.

పూతల వెనక రసాయనం

పెయింటు లేని బోల్టులు కూడా ఉత్త ఇనుము కావు. వెండిలా మెరిసేది సాధారణంగా జింక్ ప్లేటింగ్. జింక్ ప్రమాణ విభవం −0.76 వోల్టులు, ఇనుముది −0.44. ఈ తేడా వల్ల పూత మీద గీత పడి ఇనుము బయటపడినా ముందు జింకే కరుగుతుంది, ఇనుము నిలుస్తుంది. పసుపు, ఇంద్రధనుస్సు ఛాయలు మెరిసే బోల్టు మీద జింక్ పైన క్రోమేట్ పొర ఉంటుంది. ఆ పొర ఎంత పలచనిదంటే, దాని పై అంచు నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే వెలుతురు కలిసినప్పుడు ఆ ఇంద్రధనుస్సు ఛాయలు పుడతాయి.

మాట్ నలుపు లేదా ముదురు బూడిద రంగు బోల్టు చాలాసార్లు ఫాస్ఫేట్ పూతది. ఈ పద్ధతికి 1906లో బ్రిటన్‌లో థామస్ వాట్స్ కాస్లెట్ పేటెంట్ కోరాడు. తర్వాత 1915లో డెట్రాయిట్‌లో వెలిసిన పార్కర్ కంపెనీ దీన్ని కార్ల పరిశ్రమకు అలవాటు చేసింది. వేడి ఫాస్ఫారిక్ ఆమ్ల ద్రావణంలో ముంచితే ఉక్కు మీద సన్నని స్ఫటికాలు పేరుకుంటాయి. ఆ పొర తనంతట తాను పెద్దగా రక్షించదు. నూనెను స్పాంజిలా పీల్చి పట్టుకోవడమే దాని బలం. నూనె రాయకుండా వదిలేస్తే తుప్పు పట్టడం ఖాయం.

కాడ్మియం పూత ఒకప్పుడు బోల్టులకు ఎంతో ఇష్టమైనది. జారుడు గుణం దానికి ఎక్కువ. కానీ అది విషపదార్థం. పాత పసుపు క్రోమేట్‌లోని హెక్సావాలెంట్ క్రోమియమూ అంతే. యూరప్ 2000లో చేసిన చట్టంతో కార్లలో ఈ రెండింటి మీదా ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు ట్రైవాలెంట్ క్రోమియంతో దగ్గరి ఛాయను తెప్పిస్తున్నారు.

అందం ఒక్కటే కాదు

బోల్టును తిప్పడానికి వాడిన బలంలో సుమారు తొంభై శాతం మరల్లోనూ, తల కిందా ఘర్షణకే పోతుంది. మిగిలిన పదోవంతే బోల్టును సాగదీసి పట్టును పుట్టిస్తుంది. పూత మారితే ఘర్షణ మారుతుంది. టార్క్ రెంచ్ మీద అదే అంకె పెట్టినా, జారే పూతతో బోల్టు అవసరానికి మించి సాగవచ్చు, గరుకైన పూతతో పట్టు చాలకపోవచ్చు. అందుకే కంపెనీ పుస్తకంలోని టార్క్ విలువ ఆ కంపెనీ వాడిన పూతకే సరిపోతుంది.

బాగా గట్టిపరచిన ఉక్కు బోల్టులకు ఇంకో గండం ఉంది. ఆమ్లంలో కడిగి విద్యుత్తుతో జింక్ ఎక్కించేటప్పుడు హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి దూరతాయి. బిగించిన గంటలకో రోజులకో బోల్టు చెప్పాపెట్టకుండా విరిగిపోవచ్చు. ప్లేటింగ్ అయిన వెంటనే 190–220 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు కాల్చి ఆ వాయువును వెళ్లగొట్టాలి. కనెక్టింగ్ రాడ్ బోల్టు లాంటివాటిని మెరుపు కోసం వీధి చివరి ప్లేటింగ్ షాపుకు ఇవ్వకూడదన్నది ఇందుకే. బోల్టు తల కింద పెయింటు మందంగా ఉన్నా కష్టమే. అది నలిగేకొద్దీ పట్టు సడలుతుంది. ఎర్త్ వైరు బిగించే చోట పడితే కరెంటు సరిగా పారదు.

బోల్టులు విప్పే ముందు

ఇంజిన్ విప్పే ముందు ప్రతి వైపు నుంచీ ఫోటోలు తీయాలి. బోల్టులను ఎక్కడివి అక్కడే విడివిడి సంచుల్లో వేసి పేరు రాయాలి. అసలు రంగు బ్రాకెట్ల కింద, గ్యాస్కెట్ అంచుల్లో, నూనె జిడ్డు పొర వెనుక ఎండా వానా తగలకుండా దొరుకుతుంది. దొరికిన ఛాయనే పెయింటు షాపులో సరిచూసుకోవాలి. బోల్టులను ఫాస్ఫేట్ వేరు, జింక్ వేరు చేసి, ఏవి గట్టిపరచినవో విడిగా పెట్టాలి. ప్లేటింగ్ మారిస్తే టార్క్ విలువ ఏమవుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. పనయ్యాక ఇంజిన్ మీద ఒకటి రెండు చోట్ల పెయింటు కారిన చారలు, బోల్టు పక్కన తుంపరలు మిగిలినా పరవాలేదు. ఫ్యాక్టరీలో కార్మికుడు హడావుడిగా చల్లినప్పుడు పడినవీ అవే. అన్నిటినీ అద్దంలా నునుపు చేస్తే బండి కొత్తగా కనిపిస్తుంది గానీ అది తయారైన తీరు చెరిగిపోతుంది.