‘ఏకకాలికము’ అనగానేమి?

ఒకే క్షణమున జరుగు రెండు సంఘటనలను ఏకకాలికములందురు. ఈ భావమునకు సంస్కృతమునందలి పాతమాట ‘యుగపత్’. దానినుండియే ‘యౌగపద్యము’ కలిగినది. ‘సమకాలికము’ అను మాటను దీనికి బదులు వాడరాదు. న్యూటను, లైబ్నిట్జు ఒకే కాలమున జీవించిరి, వారు సమకాలికులు. రెండు గంటలు ఒకే క్షణమున మ్రోగినచో ఆ మ్రోతలు ఏకకాలికములు.

ఒకేసారి తెలియుట వేరు, ఒకేసారి జరుగుట వేరు. మెరుపు, ఉరుము ఒకే విద్యుత్పాతమునుండి పుట్టును. కాని ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. అందుచే మెరుపు కనబడిన 3 సెకండ్లకు ఉరుము వినబడినచో పిడుగు సుమారొక కిలోమీటరు దూరమున పడినదన్నమాట. ఇందుకు విపర్యయముగా, చంద్రుడును లుబ్ధక నక్షత్రమును ఆకసమున ఒకేసారి కనబడును. అయినను చంద్రుని కాంతి 1.3 సెకండ్ల క్రిందట, లుబ్ధకుని కాంతి సుమారు ఎనిమిదిన్నర సంవత్సరముల క్రిందట బయలుదేరినవి.

ప్రయాణకాలమును తీసివేసినచో ఏవి ఏకకాలికములో అందరును ఒకేవిధముగ నిర్ణయింపగలరా? గలరనియే చిరకాలము నమ్మిరి. అట్లు కాదని 1905లో ఐన్‌స్టయిను చూపెను. అతడు తరువాత సామాన్యులకై చెప్పిన ఉదాహరణ మిది. పరుగెత్తు రైలు రెండు కొనలను పిడుగులు తాకినవి. ఆ క్షణమున రైలు నడుమ కెదురుగ కట్టపై నిలిచియున్నవానికి రెండు వెలుగులును ఒకేసారి చేరినవి. కనుక అవి ఏకకాలికములని వాడనును. రైలు నడుమ కూర్చున్నవాడు ముందరి వెలుగున కెదురుగ పోవుచున్నాడు. వానికి ముందరిదే మొదట చేరును. వానికి రెండు కొనలును సమదూరములే, కాంతివేగమును ఇరువురికి నొక్కటే. కనుక ముందరి పిడుగే మొదట పడినదని వాడనును. ఇరువురి మాటయు నిజమే!

100 మీటర్ల రైలు సెకండుకు 30 మీటర్ల వేగమున పోవునపుడు ఈ భేదమెంత? సెకండును కోటి కోటి భాగములు చేసినచో అందు సుమారు మూడు భాగములు! అందుచేతనే నిత్యజీవితమున నిది తెలియరాదు.

ఒకేచోట, ఒకే క్షణమున రెండు బంతులు కలిసినచో ఆ విషయమున భేదాభిప్రాయము రాదు. కారణము ముందు, కార్యము వెనుక అను క్రమమును ఎవరికిని తారుమారు కాదు. కాని దూరముననున్న సంఘటనలను ఏకకాలికములని వ్రాయు విద్యార్థి, ‘ఎవరి గడియారము ననుసరించి?’ అను ప్రశ్నకును జవాబు వ్రాయవలెను. అప్పుడే ఆ మాట శాస్త్రీయమగును.